అయ్యగారి గదిలో హత్య – మా అరుగు మీద తీర్పు

"మాస్టారూ, శనివారం సాయంత్రాలు మీ ఇంట్లో హత్యల పుస్తకం చదువుతున్నారట, నిజమేనా?"

ఆదివారం ఆరాధన ముగిసి గుడి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుండగా మా సంఘ పెద్ద ఒకాయన అడిగిన మాట ఇది. నిజమేనని ఒప్పుకున్నాము. అప్పటికి మూడు శనివారాలే గడిచాయి. ఈలోగా ఆ పుస్తకం సంగతి ఊరంతా తిరిగి వచ్చింది. కొందరు దయ్యాల కథ అన్నారట. పాస్టరుగారిని ఎవరో చంపేసిన కథ అని మరికొందరు అన్నారట. ఆ పెద్దాయననే వచ్చే శనివారం కూర్చుని వినమని పిలిచాము. మొగమాటానికి వచ్చారు. కథ ముగిసేదాకా ఒక్క వారం కూడా మానలేదు.

మేమిద్దరం బడిపంతుళ్ళుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాళ్ళం. పోయిన వానాకాలం మా అమ్మాయి పట్నం నుంచి వస్తూ ఒక ఇంగ్లీషు నవల తెచ్చింది. పేరు 'ద మర్డర్ ఎట్ ద వికారేజ్'. అంటే గురువుగారి బంగళాలో హత్య అన్నమాట. రాసినావిడ అగాథా క్రిస్టీ. 1890లో ఇంగ్లండులోని టార్కీ పట్నంలో పుట్టి, 1976లో కన్నుమూశారు. ఈ నవల 1930లో వెలువడింది. ఇందులో నేరాన్ని తేల్చేది పోలీసు కాదు, మిస్ మార్పుల్ అనే పెళ్ళికాని ముసలమ్మ. ఆమె కనిపించిన మొదటి నవల ఇదే. దీనితో కలిపి మొత్తం 12 నవలల్లో ఆమె వస్తుంది.

ఇలాంటి నవలలను ఇప్పుడు ఇంగ్లీషులో 'కోజీ' కథలంటున్నారు. వెచ్చగా, హాయిగా ఉండేవి అని దాని భావం. హత్య జరుగుతుంది గాని రక్తం వర్ణించరు. బూతు ఉండదు. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలిసిన మనుషులు, చివరికి నిజం బయటపడటం, ఇంతే. మా చిన్నతనంలో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు దొరికేవి. విశ్వాసుల ఇళ్ళలో వాటిని పాటల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవాళ్ళను మేమెరుగుదుము. ఆ పని చేసినవాళ్ళలో మేమూ ఉన్నాము. ఈసారి మాత్రం దాచకుండా, అరుగు మీద దీపం పెట్టుకుని చదివాము. మాలో ఒకరు ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేవారు. ఇంకొకరు టీ పోసేవారు.

వినేవాళ్ళకు మొదటి చిక్కు పేర్లతో వచ్చింది. "ఇంతమంది దొరలూ దొరసానులూ మాకు గుర్తుండరు బాబూ" అన్నారు. యువకుడొకడు పాత క్యాలెండరు వెనకవైపు అందరి పేర్లూ రాసి, ఎవరికెవరు ఏమవుతారో గీతలు గీసి గోడకు తగిలించాడు. పుస్తకంలో బంగళా పటమూ ఊరి పటమూ అచ్చువేసి ఉన్నాయి. పిల్లలు వాటిని సుద్దముక్కతో అరుగు మీద వేశారు. ఇక ఎవరు ఏ గుమ్మంలో నుంచి వచ్చారు, ఏ సందులో నుంచి వెళ్ళారు అని వాదించుకోవటం మొదలైంది. అన్నట్టు, పాత్రలు ఎక్కువయ్యాయన్న ఫిర్యాదు మనవాళ్ళొక్కరిదే కాదు. క్రిస్టీగారి ఆత్మకథ ఆవిడ పోయాక 1977లో అచ్చయింది. అందులో ఈ నవల గురించి చెబుతూ, పాత్రలూ పిల్లకథలూ మరీ ఎక్కువయ్యాయని ఆవిడే ఒప్పుకున్నారు. ఈ మాట చెబితే మా అరుగు మీదివాళ్ళు ఎంతో సంతోషించారు.

కథ టూకీగా చెబుతాము. హంతకులెవరో మాత్రం చెప్పము, చదవబోయేవారి సరదా పాడుచేయకూడదు గదా. సెయింట్ మేరీ మీడ్ అనే ఊరు. అది రచయిత్రి కల్పించిన ఊరే. కథ చెప్పేది ఆ ఊరి సంఘ గురువుగారు. గుడి పెద్దల్లో ఒకరైన కల్నల్ ప్రొథరో కోపిష్ఠి, గర్విష్ఠి, ఊరందరికీ తలనొప్పి. ఒకనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర గట్టి మాంసం కోస్తూ విసిగిపోయిన గురువుగారు, ఈ కల్నల్‌ను ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినవారవుతారని నోరుజారతారు. మరునాడు సాయంత్రం ఆ కల్నల్ గురువుగారి చదువుకునే గదిలో, ఆయన బల్ల దగ్గరే తుపాకి దెబ్బకు చచ్చి పడి ఉంటాడు.

ఇక్కడికి వచ్చేసరికి మా పాస్టరుగారు గట్టిగా నవ్వారు. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. "నేనూ అన్నాను అలాంటి మాట. కమిటీ కూటం నుంచి ఇంటికొచ్చి, గిన్నె ముందు కూర్చుని" అన్నారు. ఎవరి గురించి అన్నారో మేము అడగలేదు. కమిటీవాళ్ళు ఇద్దరు అక్కడే కూర్చున్నారు.

అమ్మగారి అభిప్రాయం వేరు. కథలోని గురువుగారి భార్య గ్రిసెల్డా భర్తకంటే దాదాపు ఇరవయ్యేళ్ళు చిన్నది. ఇల్లు దిద్దుకోవటం రాదు. పనిపిల్ల వంట నోట పెట్టుకోలేము. ఊరి ఆడవాళ్ళు టీకి వచ్చి, తాగుతూనే ఇల్లంతా కళ్ళతో కొలుస్తారు. "ఆవిడను చూస్తే నాకు ఏడుపొచ్చింది. నేనీ ఊరికి వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నా చారులో ఉప్పు ఎక్కువైందని మూడు వీధులకు తెలిసింది" అన్నారు అమ్మగారు. అక్కడున్న ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. ఒకామె మాత్రం కొంగు సర్దుకుంది.

నర్సుగా చేసి రిటైరైన చెల్లెలొకామెకు మిస్ మార్పుల్ ఎంతో నచ్చింది. ఆ ముసలమ్మ తోటపని చేస్తున్నట్టే ఉంటుంది, పిట్టలను చూస్తున్నట్టే ఉంటుంది. దారిన పోయే ఏ ఒక్కరూ ఆమె కన్ను దాటిపోరు. "వార్డులో మేము చేసేది అదేనండి. రోగి ఏం చెప్పాడన్నది డాక్టరుగారు రాసుకుంటారు. అన్నం ఎంత తిన్నాడు, ఎవరొస్తే మొహం తిప్పుకున్నాడు, అవి మేము చూస్తాం" అన్నది ఆ చెల్లెలు.

నవలలో మిస్ మార్పుల్ దగ్గరి బంధువైన రచయిత ఒకడు ఉంటాడు. పట్నవాసి. ఈ పల్లెటూరు నిలవనీటి గుంటలాంటిదని ఈసడిస్తాడు. దానికి ఆమె, ఆ గుంట నీటిచుక్కను సూక్ష్మదర్శినిలో చూడు, అంత జీవం మరెక్కడా కనిపించదని జవాబిస్తుంది. బడిలో చెరువునీటి చుక్కను పిల్లలకు చూపించినవాళ్ళం గనుక ఈ పోలిక మాకు బాగా నచ్చింది. 1927లో అచ్చయిన మొదటి మిస్ మార్పుల్ కథలో ఇంకో చిన్న ముచ్చట ఉంది. ఒకావిడ అంగట్లో వలిచిన రొయ్యలు కొంటుంది. ఇంకో రెండు కొట్లు తిరిగి ఇంటికి వచ్చేసరికి రొయ్యలు ఉండవు. మిస్ మార్పుల్‌కు అదీ ఒక విచారించవలసిన సంగతే. ఊళ్ళో జరిగే ఇలాంటి చిన్నచిన్న సంగతులను పోల్చి చూసే ఆమె పెద్ద నేరాలను అర్థం చేసుకుంటుంది. "మా రొయ్యలు పోతే పిల్లిని కొడతాము, అంతటితో సరి" అని మావాళ్ళు నవ్వుకున్నారు.

అందరూ పొగడలేదు. మా సంఘ పెద్ద ముందునుంచీ తన అభ్యంతరం చెబుతూనే వచ్చారు. "నేరం గురించి చదివితే మనసు నేరం వైపు పోతుంది. చంపటం ఒక పొడుపుకథా? చచ్చినవాడి కోసం ఈ పుస్తకంలో ఎవరు ఏడ్చారు?" అన్నారు. ఆ చివరి ప్రశ్న న్యాయమైనదే. నిజానికి కల్నల్ చావుకు నిండుగా ఏడ్చినవారు కనబడరు. ఈ రకం కథల్లో ఉన్న లోపమది. శవం కథకు ఒక మొదలుగా ఉంటుందిగాని మనిషిగా ఉండదు.

కూలిపని చేసుకునే అక్క ఒకామె ఇంకో లోపం పట్టింది. కల్నల్ న్యాయాధికారి కూడా. దొంగచాటున వేటాడేవాళ్ళకు కఠినమైన శిక్షలు వేసేవాడు. అలా దెబ్బతిన్న ఆర్చర్ అనే పేదవాడి మీద కూడా అనుమానం వస్తుంది. "తుపాకులు దొరల ఇళ్ళలో ఉంటే అనుమానం వీడి గుడిసెకు ఎందుకు పోవాలయ్యా? ఏ దేశమైనా అంతేనా?" అన్నది. ఎవరమూ మాట్లాడలేదు. మాట్లాడకపోవటానికి మాకొక కారణముంది. అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాము.

నవలలో హత్యకు ముందే ఒక చిన్న గొడవ మొదలవుతుంది. ఒక భక్తురాలు తన కుమారుడు చనిపోయిన దినాన ఉదయపు ఆరాధనకు వచ్చి, కానుక సంచిలో ఒక పౌను నోటు వేస్తుంది. తరువాత గోడకు అంటించిన కానుకల వివరం చూస్తే అందులో అన్నిటికంటే పెద్ద నోటు పది షిల్లింగులది, అంటే అర పౌనుది. పౌను ఏమైంది? గుడి లెక్కలన్నీ తిరగతోడాలని కల్నల్ పట్టుబడతాడు. ఆ లెక్కల కోసం గురువుగారిని కలవడానికి వచ్చినప్పుడే చనిపోతాడు.

కానుక లెక్క తగ్గిందని చదివేసరికి అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఆ రాత్రి అంతటితో పుస్తకం మూసేశాము.

ఏడేళ్ళ కిందట మా సంఘములో కోతపండుగ జరిగింది. అందరిలాగే మేమూ ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెట్టాము. ఆరాధన అయ్యాక వేలంపాట. సాయంత్రం లెక్క చూస్తే పుస్తకంలో రాసినదానికంటే పెట్టెలో పదిహేను వందలు తక్కువ. పెట్టె ఉన్న గదికి తాళం చెవి ఇద్దరి దగ్గర ఉండేది. ఒకరు కోశాధికారి. రెండవవాడు గంట కొట్టి, గుడి ఊడ్చి, దీపాలు పెట్టే అన్న. ఆ అన్నను దొంగ అని ఎవరూ అనలేదు. అది మాత్రం నిజం. "వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరిందిగా" అని ఒకరన్నారు. "ఈమధ్య కొత్త సైకిలు కొన్నాడు" అని ఇంకొకరు. మేము ఏమన్నామో కూడా రాయాలి. "ఏమో, ఎవరికి తెలుసు?" అన్నాము. అది ఎవరినీ నొప్పించని మాట అనుకున్నాము అప్పుడు.

రెండు నెలలకు ఆయన తాళం చెవి పాస్టరుగారి బల్ల మీద పెట్టి, కుటుంబంతో పొరుగు మండలంలో రొయ్యల చెరువుల మీద కాపలాపనికి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది లెక్కలు సరిచూసినప్పుడు అసలు సంగతి తెలిసింది. వేలంలో ఒక మేకపోతును పాడినాయన డబ్బు వారంలో ఇస్తానన్నాడు. రాసేవారు అది వచ్చినట్టే రాసేశారు. ఆయన తరువాత ఆ డబ్బు తెచ్చి ఇస్తే దాన్ని వేరే పద్దులో జమకట్టారు. పైసా పోలేదు. దొంగే లేడు. కమిటీ కూటంలో "సరే, లెక్క తేలింది" అని తీర్మానించి, టీ తాగి ఇళ్ళకు వెళ్ళాము. ఆ అన్నకు ఎవరైనా కబురు చేశారా అని అడిగినవారు లేరు.

నవలలో ఆ పౌను సంగతి ఎలా తేలిందో చెబుతాము. డబ్బు తీసింది హాస్ అనే సహాయ గురువు. అతనికి ఒకప్పుడు మెదడును పట్టే నిద్రజబ్బు వచ్చిందని, ఆ జబ్బు తరువాత మనిషి నడవడే మారిపోవచ్చని డాక్టరు వివరిస్తాడు. ఇది కల్పన కాదు. 1917 ప్రాంతంలో మొదలై పదేళ్ళపాటు ఐరోపాలో ఆ జబ్బు ఎందరినో పట్టిందని మా నర్సు చెల్లెలు చెప్పింది. హత్య చేసినవారు ఈ బలహీనుణ్ణి చూసి ఉంచుకుంటారు. ఎలాగూ దొంగ గదా, హత్య కూడా ఇతని నెత్తిన రుద్దితే అందరూ నమ్ముతారని ఎత్తువేస్తారు. అతని ప్రాణం కూడా తీయబోతారు. కాగితాలన్నీ అతనే చేశాడని చూపిస్తున్న ఆ గంటలో, కాదు, ఇలా కనబడాలనే ఎవరో ఏర్పాటు చేశారని చెప్పేది మిస్ మార్పుల్ ఒక్కతే. మనిషి బ్రతుకుతాడు.

ఆమె కూడా వదంతులు వినేదే. కిటికీలో నుంచి చూసేదే. మనుషుల గురించి చెడు అనుకోవటంలో ఆ ఊళ్ళో ఆమెను మించినవారు లేరు. ఈ హత్య విషయంలోనే ఏడుగురి మీద తనకు అనుమానముందని చెబుతుంది. మరి ఆమెకూ మిగతా ముసలమ్మలకూ తేడా ఏమిటని మాలో మేము చాలాసేపు తర్జనభర్జన పడ్డాము. చివరికి మా పెద్దాయనే చెప్పారు. "మిగతావాళ్ళు అనుమానాన్ని పక్కింటికి ఇచ్చారు. ఆమె తన దగ్గరే పెట్టుకుని, నిజమా కాదా అని చూసింది. తప్పయితే మార్చుకుంది." పుస్తకం వద్దన్న ఆయనే ఈ మాట అన్నారు. ధర్మశాస్త్రంలో ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలన్న నియమం ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందని కూడా అన్నారు.

అప్పుడు పాస్టరుగారు నాతాను ప్రవక్తను గుర్తుచేశారు. దావీదు రాజు పాపాన్ని నాతాను ముఖాన కొట్టినట్టు చెప్పలేదు. ఒక పేదవాడి గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. రాజు ఆ కథలోని దోషి మీద మండిపడి తీర్పు చెప్పాక గాని, ఆ దోషి తానేనని తెలియలేదు. రెండవ సమూయేలు పన్నెండవ అధ్యాయం. "ఈ శనివారాలన్నీ మనం ఆ ఇంగ్లండు ముసలమ్మలకు తీర్పు చెప్పాము" అని ఊరుకున్నారాయన.

మరుసటి సోమవారం మేమిద్దరం, పాస్టరుగారు, మా పెద్దాయన బస్సెక్కి ఆ చెరువుల దగ్గరికి వెళ్ళాము. గట్టు మీద రేకుల షెడ్డు. ఆయన జుట్టు బాగా నెరిసింది. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, గుడిలో నిలబడేవాడే అలాగే. కూర్చోమని ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాడు. మేకపోతు సంగతి చెప్పాము. లెక్క తేలి ఆరేళ్ళయిందని, చెప్పనందుకు క్షమించమని అడిగాము. మేమన్న ఆ "ఏమో"ను కూడా దాచకుండా చెప్పాము.

ఆయన చాలాసేపు నీళ్ళకేసి చూశాడు. "మీరెవరూ నన్ను దొంగ అనలేదండి. అనుంటే కాదని చెప్పేవాణ్ణి. అననిదానికి ఏమని జవాబు చెప్పను?" అన్నాడు.

వాళ్ళావిడ టీ ఇచ్చింది. కూతురి పెళ్ళికి మా సంఘం నుంచి నలుగురే వచ్చారని ఆమె చెప్పింది. ఆ నలుగురిలో మేము లేము. వచ్చేటప్పుడు ఆయన బస్సుదాకా వచ్చి, గంట తాడు మార్చారా అని అడిగాడు. అప్పట్లోనే పీచు తేలిపోయిందట. మార్చలేదని చెప్పాము.

ఆయన తిరిగి మా ఊరు రాలేదు. వస్తాడని కథ అల్లి చెప్పలేము. వచ్చిన ఆదివారం పాస్టరుగారు ఆరాధనలో సంఘమంతటి ముందు లెక్క చదివి, ఆ అన్న నిర్దోషి అని పేరుపెట్టి ప్రకటించారు. ఏడేళ్ళ క్రితమే వినవలసిన మాట. గంటకు కొత్త తాడు కూడా కట్టించాము.

ఇక పుస్తకం గురించి మా తుది అభిప్రాయం అడిగే పాఠకులకు రెండు మాటలు. పిల్లలతో కూర్చుని చదవటానికి ఇబ్బంది లేని పుస్తకమే గాని, పరస్త్రీ వ్యామోహం ప్రస్తావన ఉంది గనుక పెద్దవాళ్ళు ముందుగా చూసుకోవటం మంచిది. మధ్యలో కథ కొంత సాగుతుంది. గురువుగారి హాస్యం బాగుంటుంది. రాసినావిడ గుడి అంటే గౌరవమున్న మనిషే. డెవన్‌లోని చర్స్టన్ ఫెర్రర్స్ గుడిలో రంగు అద్దాల కిటికీ పెట్టించడానికి తన కథ ఒకదాని ఆదాయాన్ని ఇచ్చారు. ఆ అద్దాల్లో మంచి కాపరియైన ప్రభువు రూపముంది.

శనివారాలు మళ్ళీ మొదలుపెట్టమని ఇప్పుడు మా పెద్దాయనే అడుగుతున్నారు. వచ్చే నెలలో ఇంకో పుస్తకం మొదలుపెడతాము. అరుగు మీద చోటు చాలకపోతే వాకిట్లో చాపలు వేస్తాము. ఒక నియమం మాత్రం పెట్టుకున్నాము. కథలోని మనుషుల మీద ఎంతైనా అనుమానపడవచ్చు. అరుగు దిగి వెళ్ళేటప్పుడు ఊళ్ళో మనుషుల గురించి "ఏమో, ఎవరికి తెలుసు?" అని మాత్రం అనకూడదు.